వచ్చే నెల నుంచి మా హోంకేర్ వేళలు ఎందుకు మారుతున్నాయంటే

అందరికీ నమస్కారం. స్థానిక ప్రభుత్వం మంజూరు చేసిన గంటల మీద ఇంటికొచ్చి సాయం చేసే మా హోంకేర్ సహాయకుల సేవ తీసుకుంటున్న కుటుంబాలకు ఈ ఉత్తరం. వచ్చే నెల 1వ తేదీ నుంచి చాలా ఇళ్లకు మావాళ్లు వచ్చే వేళ మారుతుంది. కొన్ని ఇళ్లకు ఒకరి బదులు ఇద్దరు వస్తారు. కొన్ని పనులు ఇక చెయ్యరు. కారణాలు దాచకుండా చెప్తున్నాం.

ఇప్పటిదాకా మా రోస్టరులో, అంటే పని వేళల పట్టికలో, ఇంటికీ ఇంటికీ మధ్య ప్రయాణానికి సున్నా నిమిషాలు రాసేవాళ్లం. అరగంట చొప్పున ఎనిమిది ఇళ్లంటే జీతం లెక్కలో 4 గంటలు. మధ్యలో ఏడు ప్రయాణాలు, ఒక్కోటి పావుగంట వేసుకున్నా 1 గంటా 45 నిమిషాలు. ఆ సమయాన్ని సహాయకురాలు మీ అరగంటలోంచి కోసుకోవాలి, లేదా జీతం లేకుండా తన రోజులోంచి పెట్టుకోవాలి. రెండూ జరిగాయి. స్నానం హడావిడిగా ముగించారనీ, మందుల డబ్బా చూడకుండానే వెళ్లిపోయారనీ మీరు చేసిన ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం మా రోస్టరే. ఆ తప్పు మాది.

స్థిరమైన ఆఫీసు లేని ఉద్యోగి ఇంటి నుంచి మొదటి కస్టమరు దగ్గరికి వెళ్లే సమయమూ, చివరి కస్టమరు దగ్గర్నుంచి ఇల్లు చేరే సమయమూ పని సమయమేనని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2015లో తేల్చింది. ఆ కేసు స్పెయిన్‌లో భద్రతా అలారాలు బిగించే టెక్నీషియన్లది. ఇల్లిల్లూ తిరిగే హోంకేర్ పని తీరూ అచ్చం అదే. అయినా ఇది ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చిన పనే కదా అన్న భావన వల్ల ఇక్కడ ఆ లెక్క ఎవరికీ గుర్తురాలేదు. ఇకనుంచి ప్రయాణం రోస్టరులో ఉంటుంది, దానికి జీతమూ ఉంటుంది.

అందరికీ మా సేవ ఉదయం 7 నుంచి 10 లోపే కావాలి, మళ్లీ సాయంత్రం 5 తర్వాత కావాలి. ఆ రెండింటి మధ్య సహాయకురాలు జీతం లేకుండా ఖాళీగా ఉండాలి. పొద్దున ఆరున్నరకు బయల్దేరిన మనిషి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరితే చేతికొచ్చేది ఆరు గంటల కూలి. అందుకని ఇన్సులిన్, డైపరు మార్పు, మంచం మీంచి లేపడం లాంటి ఆగని పనులు మాత్రమే ఉదయం ఉంచుతున్నాం. తలస్నానం, దుప్పట్ల మార్పు, గది శుభ్రం 11 నుంచి 3 మధ్యకు వెళ్తాయి.

ఇక ఎత్తడం సంగతి. రోగిని చేతులతో ఎత్తాల్సివస్తే, అన్నీ అనుకూలంగా ఉన్నా 35 పౌండ్లు, అంటే సుమారు 16 కిలోలు దాటకూడదని అమెరికా వృత్తి భద్రత పరిశోధన సంస్థ నియోష్ పరిమితి. 70 కిలోల మనిషి ఒక్క కాలే దాదాపు 11 కిలోలు ఉంటుంది. రెండు కాళ్లూ కలిపి మంచం మీదకు చేర్చేసరికే పరిమితి దాటిపోయింది. అందుకే లేవలేనివారి ఇంటికి ఇద్దరొస్తారు, స్లైడ్ షీటో (మనిషిని జరపడానికి కింద వేసే జారుడు గుడ్డ) హాయిస్టో (మనిషిని ఎత్తే చక్రాల యంత్రం) వాడతారు.

మీ వైపు నుంచి కావాల్సింది: మంచాన్ని గోడ నుంచి జరిపి, రెండు వైపులా 90 సెంటీమీటర్ల చోటు వదలండి. పరుపు ఎత్తు సహాయకురాలి నడుము దాకా రావాలి. మోకాలి ఎత్తు మంచమైతే ఆవిడ అరగంటా వంగే ఉండాలి, నడుం పోయేది అక్కడే. హాయిస్టు వాడే ప్రతిసారీ స్లింగు (మనిషిని మోసే గుడ్డ ఊయల) కుట్లు, బరువు పరిమితి రాసిన చీటీ చూస్తారు. రెండు వైపులా ఒకే రంగు ఉచ్చులు తగిలించాలి, లేకపోతే మనిషి ఒక పక్కకు ఒరిగిపోతాడు. తయారీదారు వేరేగా చెప్తే తప్ప, ఎత్తేటప్పుడు హాయిస్టు చక్రాలకు బ్రేకు వెయ్యరు, అది బరువుకు తగ్గట్టు తనంతట సర్దుకోవాలి. వీల్‌చైర్ బ్రేకు మాత్రం వేసి ఉండాలి. వీటికి మొదట్లో పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, దయచేసి తొందరపెట్టకండి.

"ఎత్తడానికి మగ మనిషిని పంపండి" అని అడుగుతున్నారు. పంపం. అలా పంపితే మా దగ్గరున్న కొద్దిమంది మగవాళ్ల నడుములే ముందు పోతాయి. స్నానానికీ, ఒళ్లు తుడవడానికీ ఆడ మనిషే కావాలనో మగ మనిషే కావాలనో అడిగితే అది మీ హక్కు, వీలైనంత వరకు పాటిస్తాం. వంటకూ ఊడవడానికీ ఆడవాళ్లే కావాలంటే ఒప్పుకోం.

సేవా ప్రణాళికలో ఉన్న మనిషి గది, బట్టలు, భోజనం మాత్రమే మా పని. ఇంటిల్లిపాది అంట్లు, పిల్లల బట్టలు కాదు. బాత్రూం కడిగేటప్పుడు బ్లీచూ, యాసిడ్ క్లీనరూ కలపమనకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది.

లైంగిక వేధింపుల విషయం సూటిగా చెప్తాం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో చేసిన 190వ ఒప్పందం ప్రకారం, పని జరిగే చోటైతే సొంత ఇల్లు కూడా పని స్థలమే. ఎవరైనా చెయ్యి వేస్తే, అసభ్యంగా మాట్లాడితే, సహాయకురాలు పని ఆపుతుంది, రోగి పడిపోకుండా భద్రంగా ఉన్నాడని చూసి బయటికొచ్చి ఫోన్ చేస్తుంది. ఆవిడకు జీతం కొయ్యం. ఆమె బదులు ఇంకో అమ్మాయిని ఒంటరిగా పంపం. మతిమరుపు జబ్బు వల్ల అలా చేసేవారుంటే ముందే చెప్పండి, ఇద్దర్ని పంపుతాం.

స్వీడన్ పని వాతావరణ అథారిటీ 2014 నివేదికలో, పురపాలక సంఘాల హోంకేర్‌ను మగవాళ్లు ఎక్కువగా ఉండే సాంకేతిక విభాగాలతో పోల్చారు. హోంకేర్‌లో ఒక్కో మేనేజరు కింద మనుషులు చాలా ఎక్కువ. మా దగ్గరా అంతే, ముప్పైమందికి పైగా ఒకే సూపర్‌వైజరు. రెండో సూపర్‌వైజరును తీసుకున్నాం.

ఇంత చేస్తే రోజుకు చూడగలిగే ఇళ్లు తగ్గుతాయి. మూడు నెలలు కొత్త కేసులు తీసుకోం. ఎక్కడైనా గంట తగ్గితే ఆ పని ఇంట్లో భార్య మీదో, కూతురి మీదో, కోడలి మీదో పడుతుందని తెలుసు. ప్రపంచంలో జీతం లేని సంరక్షణ గంటల్లో 76.2 శాతం ఆడవాళ్లవేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నివేదిక లెక్క. అందుకే ఎవరి గంటలూ చెప్పకుండా తగ్గించం. మీ కొత్త వేళల కాగితం ఈ వారం వస్తుంది. కుదరకపోతే అది అందిన ఐదు రోజుల్లోగా సూపర్‌వైజరుకు ఫోన్ చెయ్యండి, సహాయకురాలిని అడగొద్దు. వేళలు మార్చడం ఆవిడ చేతిలో లేదు.