అప్రెంటిస్ స్టైపెండ్ వాటా: దరఖాస్తు భారమంతా చిన్న పరిశ్రమలపైనేనా?

సంపాదకులకు నమస్కారం.

ఐటీఐ, పాలిటెక్నిక్, డిగ్రీ విద్యార్థులు చదువుతున్నప్పుడే గానీ, చదువు పూర్తయిన వెంటనే గానీ కొన్ని నెలలపాటు పరిశ్రమల్లో పని నేర్చుకోవాలని ప్రభుత్వాలూ విశ్వవిద్యాలయాలూ ఏటా చెబుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్‌ను పాఠ్యప్రణాళికలోనే తప్పనిసరి భాగం చేశారు. అయితే ఆ విద్యార్థులను చేర్చుకొని దగ్గరుండి పని నేర్పవలసిన చిన్న పరిశ్రమలు, శిక్షణ కాలంలో అభ్యర్థికి నెలనెలా ఇచ్చే స్టైపెండ్‌లో కేంద్ర ప్రభుత్వం భరిస్తున్న వాటా కోసం దరఖాస్తు చేయడానికి ఎందుకు వెనుకాడుతున్నాయన్న సంగతి మాత్రం చర్చకు రావడం లేదు. ఇంజినీరింగ్ విడిభాగాలు తయారుచేసే చిన్న యూనిట్‌ను నడుపుతున్నవాడిగా, ఈ దరఖాస్తులతో నేరుగా పరిచయం ఉన్నవాడిగా కొన్ని విషయాలను పాఠకుల దృష్టికీ, అధికారుల దృష్టికీ తీసుకురావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా చెప్పవలసింది ఒకటి ఉంది. విద్యార్థిని చేర్చుకున్నప్పుడు చిన్న యూనిట్‌కు అయ్యే అసలు ఖర్చు స్టైపెండ్ కాదు, నేర్పడానికి పట్టే సమయం. కొత్తగా వచ్చిన కుర్రవాడికి గానీ అమ్మాయికి గానీ డ్రాయింగ్ చదవడం, వెర్నియర్‌తోనూ మైక్రోమీటర్‌తోనూ కొలవడం, జాబ్‌ను, అంటే యంత్రం మీద మలిచే భాగాన్ని బిగించడం, టూల్ ఆఫ్‌సెట్, అంటే పనిముట్టు స్థానపు సర్దుబాటు సరిచూడడం ఒక్కొక్కటిగా చూపించాలంటే అనుభవం ఉన్న ఆపరేటర్ తన యంత్రాన్ని ఆపుకోవాలి. మొదటి వారాల్లో కొంత సరుకు చెడుతుంది, కొన్ని ఆర్డర్లు ఆలస్యమవుతాయి. పెద్ద కంపెనీలకు శిక్షణ కోసం ప్రత్యేక విభాగం, అందుకు వేరే సిబ్బంది ఉంటారు. పది మంది పనిచేసే చోట నేర్పవలసినవారూ, ఉత్పత్తి తీయవలసినవారూ ఒక్కరే. ప్రభుత్వం ఇచ్చే వాటాను జీతాల బిల్లులో తగ్గింపుగా కాకుండా ఈ నేర్పే సమయానికి ఇచ్చే విలువగా చూసినప్పుడే పథకం ఉద్దేశం బోధపడుతుంది. దాని లోపాలు కూడా అప్పుడే కనిపిస్తాయి.

ఒప్పందం మీద పరిశ్రమలో పని నేర్చుకునేవారికి, అంటే అప్రెంటిస్‌లకు సంబంధించిన చట్టం 1961 నాటిది. 2014లో దాన్ని గణనీయంగా సవరించారు. 2019లో సవరించిన నియమాల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు తమ మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. 4 నుంచి 29 మంది వరకు ఉన్న సంస్థలకు ఇది ఐచ్ఛికం. అంటే మా వంటి యూనిట్లు తీసుకోవలసిన నిర్బంధం లేదు, తీసుకోదలచుకుంటే అడ్డూ లేదు. నిర్బంధం లేని చోట ప్రోత్సాహమే పని చేయాలి కనుక, దరఖాస్తు విధానం ఎంత సులువుగా ఉంటే పథకం అంత బాగా నడుస్తుంది. ఇబ్బంది మొదలయ్యేది కూడా ఇక్కడే.

ఒకే పని కోసం రెండు పథకాలు, రెండు మంత్రిత్వ శాఖలు, రెండు పోర్టళ్లు ఉన్నాయి. నైపుణ్యాభివృద్ధి మంత్రిత్వ శాఖ 2016 ఆగస్టులో ప్రారంభించిన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం, అంటే న్యాప్స్ కింద, స్టైపెండ్‌లో 25 శాతాన్ని నెలకు రూ.1,500 మించకుండా కేంద్రం భరిస్తుంది. విద్యా మంత్రిత్వ శాఖ నడిపే జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం, అంటే న్యాట్స్ కింద, డిగ్రీ, డిప్లొమా పూర్తిచేసినవారి కనీస స్టైపెండ్‌లో సగాన్ని భరిస్తుంది. 2019 నియమాల్లో డిగ్రీవారికి నెలకు రూ.9,000, డిప్లొమావారికి రూ.8,000, ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవారికి రూ.7,000 కనీస స్టైపెండ్‌గా నిర్ణయించారు. ఆ లెక్కన డిప్లొమా చదివిన ఒకే అభ్యర్థికి ఒక పోర్టల్ ద్వారా అయితే రూ.4,000, ఇంకో పోర్టల్ ద్వారా అయితే రూ.1,500 ప్రభుత్వ వాటా వస్తుంది. ఈ తేడాను యజమానికి ముందుగా చెప్పేవారు లేరు. ఎవరో చెప్పిన లింకు తెరిచి, వివరాలన్నీ నింపి, ఒప్పందం నమోదైన తరువాత గానీ తాను వెళ్లవలసిన దారి వేరొకటని చాలామందికి తెలియదు. మన రెండు రాష్ట్రాలకూ న్యాట్స్ వ్యవహారాలు చూసే దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ మండలి చెన్నైలో ఉంది. సందేహం వస్తే అక్కడికి వెళ్లి అడిగి రావడం చిన్న యజమానికి అయ్యే పని కాదు.

ఇక రూ.1,500 అన్న గరిష్ఠ పరిమితిని గురించి. ఐటీఐ అభ్యర్థికి ఇచ్చే రూ.7,000లో నాలుగో వంతు రూ.1,750 అవుతుంది. అంటే 25 శాతం అన్న మాట ఇప్పటికే పూర్తిగా నిలబడడం లేదు. స్టైపెండ్ రూ.9,000 ఉన్న చోట ప్రభుత్వ వాటా ఆరో వంతుకు తగ్గిపోతోంది. 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి స్టైపెండ్ శ్రేణిని రూ.5,000–9,000 నుంచి రూ.6,800–12,300కు పెంచాలని సిఫార్సు చేసింది. విద్యార్థి కోణం నుంచి ఇది చాలా అవసరమైన పెంపు. ఊరు విడిచి వచ్చి గది అద్దె, భోజనం, బస్సు ఛార్జీలు భరించే యువతకు పాత మొత్తం ఏ మూలకూ చాలదు. అయితే పరిమితిని అక్కడే ఉంచి స్టైపెండ్‌ను మాత్రం పెంచితే, రూ.12,300 చెల్లించే చోట ప్రభుత్వ వాటా ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పెరిగిన భారమంతా యజమాని మీదే పడినప్పుడు చిన్న యూనిట్లు అప్రెంటిస్‌లను తీసుకోవడమే మానేస్తాయి. స్టైపెండ్ పెంపును మనస్ఫూర్తిగా సమర్థిస్తూనే, పరిమితిని కూడా అదే నిష్పత్తిలో పెంచాలని కోరుతున్నాను.

ప్రభుత్వ వాటాను మొదట్లో యజమానికి తిరిగి చెల్లించేవారు. 2022 జులై నుంచి న్యాప్స్‌లోనూ, 2024 జులైలో కొత్త పోర్టల్ వచ్చిన తరువాత న్యాట్స్‌లోనూ ఆ వాటాను నేరుగా అభ్యర్థి బ్యాంకు ఖాతాలో జమ చేస్తున్నారు. ఇది మంచి మార్పు. మొత్తం డబ్బు ముందు మేమే చెల్లించి, ప్రభుత్వం నుంచి ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసే స్థితి తప్పింది. విద్యార్థికి రావలసినది విద్యార్థికే చేరుతోంది. కానీ ఇక్కడొక చిక్కు ఉంది. డబ్బు ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాలోకి వెళ్తుంది. మన విద్యార్థుల్లో చాలామందికి స్కాలర్‌షిప్ కోసం స్కూలు రోజుల్లో తెరిచిన ఖాతా ఒకటి, తరువాత తెరిచిన ఖాతా ఇంకొకటి ఉంటాయి. అనుసంధానం పాత ఖాతాకు ఉండిపోతుంది. ఆ ఖాతా వాడుకలో లేకపోతే జమ కావలసిన సొమ్ము ఆగిపోతుంది. విద్యార్థి వచ్చి అడిగేది యజమానినే. యజమాని తన వాటా చెల్లించి, ఆ వివరాలను పోర్టల్‌లో నమోదు చేసినా, ప్రభుత్వ వాటా ఎక్కడ ఆగిందో చెప్పలేని పరిస్థితి వస్తుంది. చేరకముందే కళాశాలలో ఒక పూట కేటాయించి ప్రతి విద్యార్థి ఖాతా అనుసంధానాన్ని సరిచూస్తే ఈ ఇబ్బందిలో పెద్ద భాగం తొలగిపోతుంది. దీనికి ప్రత్యేకంగా నిధులు అవసరం లేదు.

తోటి యజమానులు తరచుగా పొరబడే విషయం మరొకటి ఉంది. కళాశాల ఇచ్చిన ఇంటర్న్‌షిప్ లేఖ ఉన్నంత మాత్రాన ఈ వాటా రాదు. పోర్టల్‌లో సంస్థను నమోదు చేసుకొని, ఖాళీని చూపించి, అభ్యర్థితో చట్టప్రకారం అప్రెంటిస్‌షిప్ ఒప్పందం కుదుర్చుకొని, దాన్ని నమోదు చేయించాలి. అభ్యర్థి మైనరైతే ఒప్పందం మీద తల్లిదండ్రులు గానీ సంరక్షకులు గానీ సంతకం చేయాలి. చదువుతున్న విద్యార్థుల విషయంలో, చదువు మధ్యలోనే పరిశ్రమ శిక్షణ ఉండే శాండ్‌విచ్ కోర్సులవారికీ, అప్రెంటిస్‌షిప్‌ను డిగ్రీలోనే చేర్చిన కోర్సులవారికీ చట్టం అవకాశం ఇస్తోంది కానీ, మామూలు రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కు ఇది వర్తించదు. కాబట్టి విద్యార్థి పనిలో చేరిన తరువాత దరఖాస్తు సంగతి చూద్దామనుకోవడం సరికాదు. ఒప్పందం ముందు, పని తరువాత అన్న క్రమాన్ని పాటించాలి. పాత తేదీలతో కాగితాలు తయారుచేయించుకోవాలని చూసేవారు చివరకు నష్టపెట్టేది విద్యార్థినే.

మా వైపు తప్పులను గురించి కూడా దాచకుండా చెప్పాలి. చట్టంలోని 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ శిక్షణ పొందే వ్యక్తే తప్ప కార్మికుడు కాదు. మామూలుగా కార్మికులకు వర్తించే చట్టాలు అతనికి వర్తించవు. భవిష్యనిధి చెల్లింపు ఉండదు. ఈ వెసులుబాటు నేర్పే బాధ్యతకు బదులుగా ఇచ్చినదే కానీ, తక్కువ ఖర్చుతో మనిషిని పెట్టుకోవడానికి ఇచ్చినది కాదు. ఏ పనీ నేర్పకుండా సరుకు మోయించడం, ప్యాకింగ్‌కే పరిమితం చేయడం, ఒక బ్యాచ్ వెళ్లగానే అదే పనికి ఇంకో బ్యాచ్‌ను తెచ్చుకోవడం పథకాన్ని దుర్వినియోగం చేయడమే. ఖాతాలో పడిన ప్రభుత్వ వాటాను విద్యార్థి దగ్గర తిరిగి తీసుకోవడం అంతకంటే నీచమైన పని. అటువంటి వారిని పోర్టల్ నుంచి తొలగించాలి. యజమాని వాటాను మరుసటి నెల 10వ తేదీలోగా చెల్లించాలని నియమాలు చెబుతున్నాయి. వచ్చే బిల్లు మీద ఆధారపడి నడిచే యూనిట్లకు ఇది కొన్ని నెలల్లో కష్టమే. అయినా ఆ కష్టాన్ని పద్దెనిమిదేళ్ల పిల్లల మీదికి నెట్టకూడదు. పనిలో గాయమైతే పరిహారం చెల్లించే బాధ్యత కూడా చట్టం యజమాని మీదే ఉంచింది. యంత్రాల దగ్గర కొత్తవారిని నిలబెట్టే ముందు ఈ ఒక్క విషయాన్నైనా ప్రతి యజమానీ చదివి తెలుసుకోవాలి.

ఇక్కడ దరఖాస్తు పత్రం గురించి నా అభిప్రాయం చెప్పాలి. ప్రస్తుతం పత్రాలన్నీ ప్రధానంగా సంస్థ గుర్తింపు, సిబ్బంది సంఖ్య, బ్యాంకు, పాన్ వంటి వివరాల చుట్టూ తిరుగుతాయి. విద్యార్థికి ఎవరు నేర్పుతారు, వారి అనుభవం ఎంత, మొదటి మూడు నెలల్లో ఏమేమి నేర్పుతారు అన్న వివరాలకే ఎక్కువ ప్రాముఖ్యం ఉండాలి. నేర్పే వ్యక్తి పేరు ఒప్పందంలో ఉంటే విద్యార్థికి ఎవరిని అడగాలో తెలుస్తుంది, తనిఖీకి వచ్చిన అధికారికి ఎవరితో మాట్లాడాలో తెలుస్తుంది. గుర్తింపు పత్రాల విషయంలో, చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉన్న యూనిట్ల వివరాలు ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉన్నాయి కనుక, వాటిని మళ్లీ మళ్లీ అడగవలసిన అవసరం లేదు.

2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకాన్ని కొందరు ఇందుకు ప్రత్యామ్నాయంగా చూపుతున్నారు. మొదలైనప్పుడు అందులో నెలకు ఇచ్చే రూ.5,000లో రూ.4,500 ప్రభుత్వమే భరించేలా నిర్ణయించారు. మిగిలిన రూ.500 కంపెనీ తన సామాజిక బాధ్యత నిధుల నుంచి ఇవ్వాలన్నారు. కానీ దాన్ని దేశంలోని అగ్రశ్రేణి 500 కంపెనీలను దృష్టిలో పెట్టుకొని రూపొందించారు. పూర్తికాల విద్యార్థులకు అప్పుడు అందులో చోటు ఇవ్వలేదు. నేర్పడానికి అన్ని వనరులూ ఉన్న కంపెనీలో చేరిన అభ్యర్థికి ప్రభుత్వం మొదటి నుంచే రూ.4,500 భరించడానికి సిద్ధపడినప్పుడు, ఒక్క ఆపరేటర్ సమయాన్ని పణంగా పెట్టి నేర్పే యూనిట్‌లో చేరిన ఐటీఐ అభ్యర్థికి రూ.1,500తో సరిపెట్టడం న్యాయంగా లేదు.

ఈ విషయంలో జిల్లా స్థాయిలోనే చేయగలిగిన పని చాలా ఉంది. ప్రతి జిల్లా పరిశ్రమల కేంద్రంలో గానీ, ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో గానీ రెండు పోర్టళ్లూ తెలిసిన ఒక ఉద్యోగిని నియమించి, వారంలో ఒక రోజైనా యజమానులకు దరఖాస్తు నింపడంలో సాయపడేలా చూడాలి. ఏ అర్హత ఉన్న అభ్యర్థికి ఏ పథకం వర్తిస్తుందో, ప్రభుత్వ వాటా ఎంత వస్తుందో తెలుగులో ఒక పేజీ పత్రంగా ముద్రించి పారిశ్రామికవాడల్లో పంచాలి. ఒప్పందం ప్రతిని విద్యార్థికీ తల్లిదండ్రులకూ తెలుగులో ఇవ్వాలి. యజమాని తన వాటా చెల్లించిన వివరాలు నమోదు చేసిన తరువాత ప్రభుత్వ వాటా ఎన్ని రోజుల్లో జమ కావాలో గడువు ప్రకటించాలి. మాకు 10వ తేదీ గడువు ఉన్నప్పుడు ప్రభుత్వానికీ ఒక గడువు ఉండడం సబబే. కళాశాలల ప్లేస్‌మెంట్ అధికారులు పెద్ద కంపెనీల ప్రాంగణ ఎంపికలకు ఇచ్చే శ్రద్ధలో కొంతైనా సమీపంలోని చిన్న యూనిట్లకు ఇచ్చి, విద్యా సంవత్సరం ముగియడానికి రెండు మూడు నెలల ముందే మమ్మల్ని సంప్రదిస్తే, ఒప్పందాలన్నీ సకాలంలో నమోదు చేయించుకోవడానికి మేము సిద్ధంగా ఉన్నాం. రెండు రాష్ట్రాల ఉపాధి, సాంకేతిక విద్యా శాఖల అధికారులు వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు పారిశ్రామికవాడల సంఘాలతో సమావేశమై, ఈ అంశాలపై నిర్ణయాలు ప్రకటించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక చిన్నతరహా ఇంజినీరింగ్ యూనిట్ నిర్వాహకుడు