బోర్డు పోయిందనే ముందు మీటరు పెట్టి చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఏది పాడైనా "బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి" అనడం మామూలైపోయింది. మొన్న నా గిటార్ ఆంప్లిఫయర్ విషయంలోనూ అదే మాట విన్నాను. లైటు వెలుగుతుంది, స్పీకర్‌లోంచి సన్నగా గుయ్యిమంటుంది, తీగ మీటితే మాత్రం ఏమీ లేదు. అంతకుముందు కొన్నాళ్లు ఆన్ చేసిన కాసేపటికి, బాగా వేడెక్కాక శబ్దం ఆగిపోయేది, పెట్టె మీద ఒక్కటిస్తే మళ్లీ పలికేది. ఈ ముక్క రిపేరు చేసేవాళ్లకి చెప్పాను కూడా. వాళ్లు మూత తీసి, చూసి, మూసేశారు. వోల్టేజి కొలిచే మీటరు బయటికి తీయలేదు.

ఇంటికి తెచ్చుకుని నేనే విప్పాను. ఇలాంటి ట్రాన్సిస్టర్ ఆంప్‌లలో స్పీకర్‌ని నడిపే భాగానికి ఎక్కువ వోల్టేజి కావాలి, నా దాంట్లో ప్లస్ 40, మైనస్ 40 వోల్టులు. గిటార్ సిగ్నల్‌ని మొదట అందుకునే చిన్న ఐసీలకు (చిప్‌లకు) ప్లస్ 15, మైనస్ 15 చాలు. దానికి వేరే ట్రాన్స్‌ఫార్మర్ ఏమీ ఉండదు, ఆ 40లోంచే ఒక్కో వైపు 470 ఓముల 5 వాట్ల రెసిస్టర్ (కరెంటుని అడ్డుకునేది), ఒక జీనర్ డయోడ్ (వోల్టేజిని ఒక స్థాయి దాటనివ్వనిది) పెట్టి దించుతారు. చవకైన పద్ధతే, తప్పుపట్టను, కానీ ఆ రెసిస్టర్ పనిచేసినంతసేపూ కాలుతూనే ఉంటుంది (25 వోల్టులు దానిమీదే పడతాయి, అంటే 1.3 వాట్లు వేడి). ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, దాని కాళ్ల దగ్గర టంకం విడిపోతుంది.

రెండు ఆంప్లిఫయర్లుండే 8 కాళ్ల ఐసీలో ఎనిమిదో కాలు ప్లస్, నాలుగోది మైనస్. మీటరు నల్ల వైరు గ్రౌండుకి (సర్క్యూట్‌లో సున్నా వోల్టులుగా లెక్కపెట్టే చోటుకి) పెట్టి కొలిస్తే ఎనిమిది మీద 15 సరిగ్గా ఉంది, నాలుగు మీద దాదాపు సున్నా. అక్కడినుంచి వెనక్కి వెళ్లాను. బోర్డు అడుగున, రెసిస్టర్ కాలి కొస మీద మీటరు మొన ఆనిస్తే మైనస్ 40. అదే కాలి చుట్టూ ఉన్న టంకం మీదికి జరిపితే సున్నా. మధ్య దూరం మిల్లీమీటరు కూడా లేదు! భూతద్దం పెట్టి చూస్తే కాలి చుట్టూ నల్లగా వెంట్రుకంత గీత. పాత టంకం లాగేసి కొత్తది పెట్టి, రెసిస్టర్‌ని గాలి ఆడేలా బోర్డుకి కాస్త ఎత్తులో నిలబెట్టాను. ఆంప్ పలికింది.

అన్నిసార్లూ ఇంత సులువుగా తేలదు, ఒప్పుకుంటాను. జీనరో ఐసీనో షార్ట్ అయినా (లోపల నేరుగా కలిసిపోయినా) వోల్టేజి సున్నాకి పడుతుంది, కానీ అప్పుడు మొత్తం 40 వోల్టులూ ఆ రెసిస్టర్ మీదే పడి 3.4 వాట్లు కాలుతుంది, దగ్గరికి వెళితేనే సెగ తెలుస్తుంది. అనుమానం వచ్చింది కదా అని జీనర్‌ని పీకేసి స్విచ్ వేసి చూసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. దించేవాడు లేకపోతే వోల్టేజి పైకి ఎగబాకుతుంది, తరచుగా వాడే టీఎల్‌072, 4558 ఐసీలు తట్టుకునేది ప్లస్ మైనస్ 18 వరకే. ఒక డయోడ్‌తో పోయేది కాస్తా అరడజను ఐసీలని తినేస్తుంది.

నా కోపం రిపేరు చేసేవాళ్ల మీద కన్నా తయారీదారుల మీద ఎక్కువ. ఒకప్పుడు కొన్ని కంపెనీలు సర్క్యూట్ బొమ్మని ఆంప్ పెట్టె లోపలే అతికించి ఇచ్చేవి. ఇప్పుడు చాలామంది అడిగినా ఇవ్వరు, ఆ బొమ్మ లేకుండా ఎవరైనా గుడ్డిగా వెతకాల్సిందే.

మీ పత్రికలో కొత్త ఫోన్ల గురించి వారం వారం అంత రాస్తున్నారు, ఒక మూల రిపేరుకి కూడా చోటివ్వండి. ఇస్తే మొట్టమొదట చార్జిని దాచుకునే కెపాసిటర్ల గురించి రాయించండి. ప్లగ్ పీకేసినా వాటిలో చార్జి నిలిచి ఉంటుంది, గాజు గొట్టాలతో నడిచే వాల్వ్ ఆంప్‌లలో అయితే అది 400 వోల్టులు దాటి కూడా ఉండొచ్చు, ప్రాణం తీస్తుంది. ఆ చార్జిని రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మీటరుతో సున్నా చూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టాలి.

ఇట్లు,
మీ పాఠకుడు