మా నాయన రాత

ఒరే బావా,

ఫోన్ ఎత్తడం లేదని తిట్టుకుంటుంటావు. నాయన్ని నెల్లూరు తీసుకెళ్లి చూపించే హడావుడిలో ఉన్నాలే. పార్కిన్సన్స్ అన్నారు, కదలికలు నెమ్మదించే మెదడు జబ్బట. నాకు నమ్మబుద్ధి కాలేదు, ఆయన చేతులు వణకవు కదా! ఏడాదిగా కుడిభుజం పట్టేసిందంటే ఒకాయన కీళ్లవాతమని మాత్రలిచ్చాడు, చొక్కా గుండీలు పెట్టుకోడానికి అరగంట పడుతుంటే మేమేమో బద్ధకమని విసుక్కున్నాం. తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఈ డాక్టరు మాత్రం పాత లెక్కల పుస్తకం తెమ్మన్నాడు. ఉలవపాడు తోట లెక్కలే పట్టుకెళ్లా. అప్పట్లో ‘బంగినపల్లి’ అని రాస్తే గీత దాటిపోయేంత గుండ్రటి అక్షరాలు. ఈ ఏడు వరస మొదట్లో పర్లేదు, చివరికొచ్చేసరికి చీమ తలకాయలంత.

ఎందుకడిగాడా అని చదవబోతే షార్కో అనే పాతకాలపు ఫ్రెంచి నరాల డాక్టరు దొరికాడు. 1825లో పారిస్‌లో పుట్టాడు, తండ్రి గుర్రబ్బండ్లు తయారుచేసేవాడు. 1862లో సాల్పెట్రియేర్ ఆసుపత్రికి పెద్ద డాక్టరుగా వచ్చాడు. ఒకప్పుడు తుపాకిమందు చేసిన చోటది, ఆయన వచ్చేనాటికి దిక్కులేని ఆడవాళ్లు వేలమంది. వాళ్లని ఏళ్ల తరబడి చూసి, చనిపోయాక మెదడూ వెన్నుపామూ పరీక్షించి, బతికున్నప్పటి లక్షణాలతో సరిపోల్చుకున్నాడు. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ డాక్టరు ఆరుగురి గురించి రాసి దీన్ని వణుకుడు పక్షవాతం అన్నాడు. ఇది పక్షవాతం కాదు, బలం పోదు, వణుకు లేకుండానూ రావచ్చు అని తేల్చి, పార్కిన్సన్ పేరు పెట్టింది షార్కోనే. రాత ఇలా చిన్నదవడమూ ఈ జబ్బు లక్షణమేనట; ఆయన రోగుల చేతిరాతలూ పోగేశాడట!

1882లో నరాల జబ్బులకే ఆయన కోసం ప్రొఫెసరు పదవి పెట్టారు. మనసు గుట్టు విప్పిన ఫ్రాయిడ్ కూడా వెళ్లి ఆయన దగ్గర నేర్చుకున్నాడు. హిస్టీరియా (ఒంట్లో కారణం కనిపించకుండా వచ్చే మూర్ఛలూ అవీ) విషయంలో మాత్రం షార్కో పొరబడ్డాడు. ఆ ఆడవాళ్లని జనం ముందు నిలబెట్టి చూపించడం నాకైతే నచ్చలేదు.

ఇంకోటి విను. రైళ్లలో, బండ్లలో కుదుపులు తిన్నాక హాయిగా ఉందని రోగులు చెబితే, కుదిపే కుర్చీ ఒకటి చేయించాడు. తర్వాత పరీక్షిస్తే కుదుపులో ప్రత్యేకమేమీ తేలలేదనుకో. ఇది చదివి వినిపిస్తే నాయన లేచి కూర్చుని, ‘నేను చెప్పలా, కందుకూరు బస్సెక్కితే ఒళ్లు తేలిగ్గా ఉంటదని’ అన్నాడు. మన రోడ్డు గుంతలకీ ఒక అభిమాని దొరికాడు.

అన్నట్టు, మీ నాయన అప్పు తీసుకున్నప్పుడు మా నాయన రాసిచ్చిన చీటీ మీ బీరువాలో ఉందా? ఉంటే ఫొటో తీసి పంపు. డాక్టరు ఇంకా పాత రాత చూడాలన్నాడు. డబ్బు సంగతి అడగన్లే, భయపడకు.

నీ బావ