చిన్న ఎలక్ట్రిక్ ఎయిర్‌సాఫ్ట్ తుపాకి: ఆరు వారాల పరీక్ష తర్వాత మా నిర్ణయం

డల్లాస్ ఉత్తర శివార్లలోని మా ఇండోర్ ఎయిర్‌సాఫ్ట్ (చిన్న ప్లాస్టిక్ గుళ్ళు పేల్చే తుపాకులతో ఆడే ఆట) హాలుకు వచ్చే కుటుంబాలందరికీ నమస్కారం.

సంక్రాంతి వారాంతంలో వచ్చినవారికి నేను ఒక మాట చెప్పాను. ఎంపీ7 అనే చిన్న సైనిక తుపాకి ఆకారంలో ఉన్న చిన్న ఎలక్ట్రిక్ తుపాకులు ఎనిమిది తెప్పించామని, ఉగాది నాటికి వాటిని అద్దెకే కాకుండా అమ్మకానికి కూడా పెడతామని, కావలసినవారు 50 డాలర్లు అడ్వాన్సు ఇచ్చి పేరు రాయించుకోవచ్చని అన్నాను. 14 మంది రాయించుకున్నారు. ఆ మాటలో సగాన్ని ఈరోజు వెనక్కి తీసుకుంటున్నాను. అద్దెకు ఇస్తాం, అమ్మకానికి మాత్రం ఇప్పుడే పెట్టం. తుపాకులను సరిగా పరీక్షించకముందే డబ్బు తీసుకోవడం నా తప్పు, అందుకు క్షమించమని అడుగుతున్నాను. ఇలా ఎందుకు నిర్ణయించానో వివరంగా చెప్పడం నా బాధ్యత కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు వీటిని ఎందుకు తెప్పించానో చెప్పాలి. మా దగ్గర అద్దెకు ఉన్నవి ఎక్కువగా అమెరికా సైన్యం వాడే ఎం4 రైఫిల్ ఆకారపు పూర్తి పొడవు తుపాకులు. ఒక్కొక్కటి దాదాపు మూడు కిలోల బరువుంటుంది. పుట్టినరోజు ఆటలకు వచ్చే పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు పది నిమిషాలు దాన్ని మోసేసరికి చేతులు దిగిపోయి, గొట్టం నేలవైపు వాలిపోతుంది. మా హాలులో గదులు, మలుపులు ఎక్కువ కాబట్టి పొడవైన గొట్టం తలుపు చాటునుంచి మనిషికంటే ముందు బయటపడుతుంది. ఇవి కాకుండా నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టిన విషయం మరొకటి ఉంది. ముఖమంతా కప్పే మాస్కు పెట్టుకున్నప్పుడు పొడవైన తుపాకి వెనుక భాగానికి చెంప ఆనదు, సైటు (గురి చూసే అమరిక) కంటికి అందదు. అప్పుడు కొంతమంది పిల్లలు ఎవరూ చూడటం లేదనుకుని మాస్కును కొంచెం పైకి లేపుతారు. మా కుర్రాళ్ళు ఎంత కాపలా కాసినా నెలకు రెండు మూడు సార్లు ఇది కంటపడుతూనే ఉండేది. ఎయిర్‌సాఫ్ట్‌లో కంటికంటే ముఖ్యమైనది లేదు కాబట్టి, మాస్కు తీయకుండానే గురి చూడగలిగే తుపాకి కోసం ఏడాదిగా వెతుకుతున్నాను.

చిన్న తుపాకి ఈ విషయంలో నా ఆశను నిలబెట్టింది. బరువు కిలోన్నర లోపే ఉంది. వెనుక భాగం లోపలికి జరుగుతుంది, ముందు పట్టు మడుచుకుంటుంది. పైన ఉన్న పట్టాలకు ఎత్తైన స్టాండు మీద రెడ్ డాట్ సైటు బిగించగానే మాస్కుతోనే ఎర్రచుక్క కనిపించసాగింది. ఈ ఆరు వారాల్లో ఈ తుపాకులు పట్టుకున్నవారిలో మాస్కు లేపినవారు ఒక్కరు కూడా నా కంటపడలేదు. దీని కోసమే వీటిని అద్దెకు ఉంచుతున్నాను.

శక్తి సంగతికి వస్తే, ఎనిమిదింటినీ 0.20 గ్రాముల బీబీలతో (ప్లాస్టిక్ గుళ్ళతో) వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీద పెట్టి చూశాం. వేగం సెకనుకు 255 నుంచి 271 అడుగుల మధ్య వచ్చింది, అంటే సుమారు 0.60 నుంచి 0.68 జౌళ్ళు. మా ఎం4లు సెకనుకు 330 అడుగుల దగ్గర, ఒక జౌలుకు కాస్త పైన ఉంటాయి. ఈ తుపాకి జపానులో తయారైంది. ఆ దేశంలో 2006లో చట్టం సవరించినప్పటి నుంచి 6 మిల్లీమీటర్ల బీబీకి సుమారు 0.98 జౌళ్ళ హద్దు ఉంది కాబట్టి, అక్కడి తయారీదారులు సహజంగానే శక్తిని తగ్గించి, ఆ తక్కువ శక్తితోనే గురి బాగా కుదిరేలా శ్రద్ధ పెడతారు. గేర్‌బాక్సును తుపాకి లోపలే ఇమిడ్చిన మొదటి ఎలక్ట్రిక్ తుపాకిని 1991లో మార్కెట్లోకి తెచ్చినది కూడా జపానుకు చెందిన టోక్యో మారుయి సంస్థే. ఫ్రెంచి సైన్యపు ఫామాస్ తుపాకి దానికి నమూనా. ఆ మూల సూత్రమే ఇప్పటికీ నడుస్తోంది: మోటారు పళ్ళచక్రాలను తిప్పుతుంది, అవి పిస్టన్‌ను వెనక్కి లాగి స్ప్రింగును నొక్కిపెడతాయి, వదలగానే పిస్టన్ ముందుకు దూసుకొచ్చి గాలిని తోస్తుంది, ఆ గాలి బీబీని గొట్టంలోంచి పంపుతుంది. గ్యాసు అవసరం లేదు కాబట్టి జనవరిలో హీటరు లేని మా షెడ్డులో కూడా వీటి పనితీరు తగ్గలేదు. మా గ్యాసు పిస్టళ్ళు మాత్రం చలికి పీడనం పడిపోయి ఏటా ఆ నెలలో మొరాయిస్తాయి.

గురి విషయంలో నాకు అనుమానం ఉండేది, ఎందుకంటే గొట్టం పొట్టిది. అయితే మా హాలులో అన్నిటికంటే పొడవైన దారి 90 అడుగులే, ఆట ఎక్కువ భాగం 40 అడుగుల లోపే జరుగుతుంది. బీబీ నేలకు వాలిపోకుండా కాపాడేది గొట్టం పొడవుకంటే హాప్-అప్ ఎక్కువ. గొట్టం మొదట్లో ఉండే చిన్న రబ్బరు ముక్క బీబీ పైభాగాన్ని ఒరుసుకోవడంతో అది వెనక్కి గిర్రున తిరుగుతూ పోతుంది, ఆ తిరుగుడు వల్ల గాలి దాన్ని కొంతసేపు పైకి మోస్తుంది. 60 అడుగుల దూరంలో భోజనం పళ్ళెమంత గుండ్రటి అట్టను పెట్టి ఇరవై చొప్పున పేల్చి చూస్తే, 0.20 గ్రాముల బీబీలు 13 తగిలాయి, 0.25 గ్రాములవి 17 తగిలాయి. అందుకని ఈ తుపాకులకు ఇకమీదట 0.25 గ్రాముల బీబీలే ఇస్తాం. బరువు పెరిగితే దెబ్బ గట్టిగా తగులుతుందా అని ఒక తల్లి అడిగారు. తుపాకి ఇచ్చే శక్తి దాదాపు అంతే ఉంటుంది, బరువైన బీబీ ఆ మేరకు నెమ్మదిగా వెళుతుంది. కాబట్టి ఆ భయం అక్కరలేదు.

మ్యాగజైనులో 50 బీబీలే పడతాయని కొందరు పెద్దవాళ్ళు అసంతృప్తి చెప్పారు. ఆ పరిమితి నాకు నచ్చింది. మూడు వందల బీబీలు చేతిలో ఉన్న పిల్లవాడు ట్రిగ్గరు నొక్కి పట్టుకుని గోడలకు కొడతాడు. యాభై మాత్రమే ఉన్నవాడు మూల దగ్గర ఆగి, చూసి, ఒక్కొక్కటిగా పేలుస్తాడు. వీటిని ఒక్కొక్క బీబీ పేలే పద్ధతిలోనే ఉంచి అద్దెకు ఇస్తాం.

ఇక బాధపెట్టిన విషయాలు. నాలుగో వారంలో ఒక శనివారం సాయంత్రం ఒక తుపాకి ముందు భాగం వేడెక్కుతోందని ఆడుతున్న అబ్బాయి చెప్పాడు. వెంటనే దాన్ని బయటికి తీసుకెళ్ళి, మూత తెరిచి, బ్యాటరీని ఇసుక బకెట్టులో పెట్టాం. మూత జారే చోట తీగ నలిగి, పైతొడుగు లేచిపోయి ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. కారణం వెతికితే మా వైపే తేలింది. ఈ తుపాకిలో బ్యాటరీ పెట్టే చోటు అగ్గిపెట్టెలు రెండు పేర్చినంత మాత్రమే ఉంటుంది. ఎక్కువసేపు నడుస్తుందని మేము కొంచెం మందమైన లిథియం పాలిమర్ బ్యాటరీ కొని, మూతను బలవంతంగా నెట్టాం. ఆ రోజే అలాంటి బ్యాటరీలన్నీ తీసేశాం. ఇప్పుడు తయారీదారు చెప్పిన కొలతల బ్యాటరీయే వాడుతున్నాం, దాన్ని మా సిబ్బంది తప్ప ఎవరూ మార్చరు, ప్రతి ఆట తర్వాత వోల్టేజి చూస్తున్నాం. రెండు సెల్లుల బ్యాటరీ నిండినప్పుడు 8.4 వోల్టులు ఉంటుంది. సెల్లుకు 3 వోల్టుల కంటే దిగితే అది పాడవుతుంది కాబట్టి మేము చాలా ముందే తీసేస్తాం.

ఈ సంఘటనే నన్ను అమ్మకం గురించి మళ్ళీ ఆలోచించేలా చేసింది. రోజూ ఇదే పని చేసే మా చేతుల్లోనే ఇలా జరిగితే, ఇంట్లో మొదటిసారి ఛార్జరు పెట్టే కుటుంబానికి ఏ శిక్షణా లేకుండా దీన్ని ఎలా ఇస్తాను? టెక్సస్ వేసవిలో కారు డిక్కీలో లిథియం బ్యాటరీ వదిలేసి రాకూడదని ఎంతమందికి తెలుసు?

మరమ్మతు కూడా తేలిక కాదు. ఎనిమిదిలో రెండు మధ్యలో ఆగిపోయాయి. ఒకదానిలో హాప్-అప్ రబ్బరు చిరిగింది, మరొకదానిలో ట్రిగ్గరు దగ్గరి రాగి కొసలు కాలి నల్లబడ్డాయి. ఎం4 ఆకారపు తుపాకుల్లోని గేర్‌బాక్సుకు విడిభాగాలు ఎవరి దగ్గరైనా దొరుకుతాయి, ఒక కంపెనీవి మరొకదానికి చాలావరకు సరిపోతాయి. ఈ చిన్న తుపాకి గేర్‌బాక్సు దానికే ప్రత్యేకం. విడిభాగం వచ్చేసరికి 19 రోజులు పట్టింది. మీకు అమ్మి, రెండు నెలల తర్వాత మీరు చెడిపోయిందని తెస్తే మూడు వారాలు ఆగమనడం నాకు న్యాయంగా తోచలేదు. రాగి కొసలు కాలిపోకుండా మోస్‌ఫెట్ అనే చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్చును మిగిలిన ఆరింటికీ పెట్టించాం. దాని మన్నిక ఎంతో వేసవి పూర్తయ్యేదాకా చూడాలి.

అన్నిటికంటే పెద్ద కారణం వేరే ఉంది. ఆ ఎనిమిదిలో ఒకదాన్ని బడి సంచీలో పెట్టి చూశాను. పుస్తకాల పక్కన సరిగ్గా ఇమిడింది. హాలులోపల మేలు చేసే ఆ చిన్నతనమే బయట ప్రమాదం తెస్తుంది. దిగుమతయ్యే ఇలాంటి తుపాకుల గొట్టం కొసకు నారింజ రంగు గుర్తు ఉండాలని ఫెడరల్ చట్టం చెబుతోంది, మా ఎనిమిదింటికీ అది ఉంది. కానీ దూరంనుంచి చూసేవాళ్ళకు ఆ గుర్తు కనిపిస్తుందన్న నమ్మకం లేదు, చేతిలో దాచుకుంటే అసలే కనిపించదు. 2014 నవంబరులో క్లీవ్‌లాండ్ పార్కులో తామిర్ రైస్ అనే పన్నెండేళ్ళ పిల్లవాడి దగ్గర ఉన్నది ఎయిర్‌సాఫ్ట్ తుపాకే. దానికి నారింజ గుర్తు లేదు. పోలీసులు వచ్చిన క్షణాల్లోనే కాల్చారు, మర్నాడు ఆ పిల్లవాడు చనిపోయాడు. నా కొడుకుకి ఇప్పుడు పన్నెండేళ్ళు. ఈ సంగతి రాస్తున్నప్పుడు కూడా నా చేయి ఆగుతోంది.

పేరు రాయించుకున్న 14 మందిలో 9 మంది పిల్లల కోసమే రాయించుకున్నారు. వారిలో ఒక పెద్దాయన, “బొమ్మే కదా తమ్ముడూ, మన ఊళ్ళో తిరునాళ్ళలో కొనిపెట్టేవాళ్ళం కదా” అన్నారు. ఆయన ప్రేమను నేను అర్థం చేసుకోగలను, నాకూ మా నాన్న కోటప్పకొండ తిరునాళ్ళలో రీలు తుపాకి కొనిపెట్టారు. కానీ ఇది ఆ బొమ్మ కాదండీ. నలుపు రంగు, ఆకారం అన్నీ అసలు దానిలాగే ఉంటాయి, దీనిలోంచి వచ్చే బీబీ కంటికి తగిలితే చూపు పోవచ్చు. ఇది పిల్లల సైజు తుపాకి కాదు, పెద్దల ఆటవస్తువు. చిన్నదిగా ఉంది, అంతే.

వేసవి సెలవులకు హైదరాబాదు, విజయవాడ వెళ్ళేటప్పుడు బావమరిదికో మేనల్లుడికో ఒకటి తీసుకెళ్ళవచ్చా అని ముగ్గురు అడిగారు. తీసుకెళ్ళవద్దనే నా గట్టి సలహా. ఇక్కడి విమానాశ్రయంలో ఎయిర్‌సాఫ్ట్ తుపాకిని చెక్-ఇన్ సామానులోనే ఉంచాలి, విడి లిథియం బ్యాటరీని మాత్రం చెక్-ఇన్‌లో వేయకూడదు. అసలు తుపాకిలా కనిపించే వస్తువుతో అక్కడి కస్టమ్స్ ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవడం ఏ బహుమతికీ తగిన కష్టం కాదు.

హాలులో మారే నియమాలు ఇవి. ఈ తుపాకులు పదేళ్ళు నిండినవారికి, తల్లిదండ్రుల సంతకంతో ఇస్తాం. పద్దెనిమిదేళ్ళ లోపువారికి ముఖమంతా కప్పే మాస్కు తప్పనిసరి. పెద్దలు సొంత కళ్ళద్దాలు తెచ్చుకుంటే వాటిమీద జెడ్87 (అమెరికాలో రక్షణ కళ్ళద్దాల ప్రమాణం) పక్కన ప్లస్ గుర్తు ఉండాలి. ఆ గుర్తు ఉన్న గాగుల్స్‌ను పావు అంగుళం ఉక్కు గుండుతో సెకనుకు 250 అడుగుల వేగంతో కొట్టి పరీక్షిస్తారు, అంటే దాదాపు మూడు జౌళ్ళ దెబ్బ. మామూలు చలువ కళ్ళద్దాలతో ఎవరినీ లోపలికి పంపం, ఎంత దూరంనుంచి వచ్చినా సరే. ఆట ముగిశాక మ్యాగజైను తీసినంత మాత్రాన తుపాకి ఖాళీ అయిందనుకోకూడదు, హాప్-అప్ దగ్గర ఒక బీబీ నిలిచిపోయి ఉండవచ్చు. అందుకని ద్వారం దగ్గర పెట్టిన ఇసుక పెట్టెలోకి మూడుసార్లు పేల్చి, గొట్టానికి గుడ్డ తొడుగు వేసిన తర్వాతే బయటికి రావాలి.

అద్దె ఎం4లకు ఉన్నదే ఉంటుంది, పెంచడం లేదు. ప్రస్తుతం నడుస్తున్నవి ఆరే కాబట్టి శని, ఆదివారాల ఆటలకు ముందుగా చెప్పినవారిలో చిన్నపిల్లలకు, బరువు మోయలేనివారికి మొదట ఇస్తాం.

అడ్వాన్సు ఇచ్చిన 14 మందికీ పూర్తి 50 డాలర్లు ఈ శుక్రవారంలోగా మీరు కట్టిన పద్ధతిలోనే తిరిగి వస్తాయి, మీరు అడగవలసిన అవసరం లేదు. మీరు ఎదురుచూసినందుకు బదులుగా ఒక్కొక్కరికి ఇద్దరు ఆడగలిగే గంట సమయం ఉచితంగా ఇస్తున్నాను, జూన్ నెలాఖరు వరకు ఎప్పుడైనా వాడుకోవచ్చు. అమ్మకం సంగతి వేసవి తర్వాత మళ్ళీ చూస్తాను. ఆరు తుపాకులూ ఆగస్టు వరకు ఆగకుండా నడిచి, విడిభాగాలు ఇక్కడే నిల్వ ఉంచుకోగలిగితే, పద్దెనిమిదేళ్ళు దాటినవారికి మాత్రం, తాళం వేసే సంచీతో సహా, బ్యాటరీ గురించి గంటసేపు నేర్పించిన తర్వాత అమ్ముతాను. ఆగిపోయిన రెండింటిని బల్లమీద విప్పి ఉంచాను. లోపల ఏముందో చూడాలనుకునేవారు ఆదివారం మధ్యాహ్నం రెండింటికి వస్తే విడదీసి చూపిస్తాను, పిల్లలను కూడా తీసుకురండి.