ఊహతో కోడ్ వేయకు

హనుమకొండ

బిడ్డా,

కరీంనగర్ ఆసుపత్రిలో రికార్డుల ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నువ్వు అడిగేది ఒకటే: ‘నాన్నా, రోజూ కేస్ షీట్లు సర్దడమేనా?’ ఫోన్‌లో చెబితే సగమే అవుతుంది, అందుకే రాస్తున్నా.

పత్తికి మందు కొట్టే రోజుల్లో వచ్చే కేసులు చూడు. చాలా షీట్ల మీద ‘పురుగుల మందు’ అని మాత్రమే ఉంటుంది. అది చూసి కోడ్ వేసేయకు. ఐసీడీ-10లో, అంటే జబ్బులకు, గాయాలకు కోడ్లు ఇచ్చే ఆ పుస్తకాల్లో, ఆర్గానోఫాస్ఫేట్ అనే రకం పురుగుల మందు విషానికి టీ60.0. అది ఒంట్లోకి ఎట్లా పోయిందో చెప్పడానికి ఇంకో కోడ్ కావాలి. చేనులో కొడుతుంటే మీద పడితే ఎక్స్48, కావాలని తాగితే ఎక్స్68, ఏదీ తేలకపోతే వై18. ఊళ్లో పెరిగినదానివి, ఈ తేడా ఆ ఇంటివాళ్లకు ఎంత బరువో నీకు తెలుసు. ఊరి నోళ్లలో పడేది వాళ్లే, అధికారులకు జవాబు చెప్పుకునేదీ వాళ్లే. హిస్టరీ, ఎంఎల్‌సీ (పోలీసు కేసు) కాగితాలు, నర్సుల నోట్సు అన్నీ చదువు. అప్పటికీ తేలకపోతే డాక్టరు గారిని అడుగు. నీ ఊహతో మాత్రం నింపకు.

చనిపోయినవాళ్లకు డాక్టర్లు రాసే మరణ కారణం సర్టిఫికెట్ ఫారం 4లో కారణం కింద ‘కార్డియాక్ అరెస్ట్’ ఒక్కటే ఉంటే వెనక్కి పంపు. గుండె చివరికి అందరికీ ఆగుతుంది, ఎందుకు ఆగిందో రాయాలి కదా. డాక్టర్లు విసుక్కుంటారు. అయినా పంపు.

పేర్లు జాగ్రత్త. మేడారం, ఐనవోలు, కొమురవెల్లి మొక్కులున్న నేల మనది. వార్డుకొక సమ్మక్క, సారక్క, ఐలయ్య, కొమురయ్య ఉంటారు. తండ్రి లేదా భర్త పేరు, ఊరు, వయసు, ఐపీ నంబరు (అడ్మిషన్ నంబరు) కలిస్తేనే పాత ఫైలు జతచేయి. ఒకరి రక్తం గ్రూపు ఇంకొకరి షీటులోకి పోతే ప్రాణాలతో పని.

పేషెంటు గానీ, వాళ్లు రాసిచ్చిన మనిషి గానీ కాపీలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. వాళ్లను తిప్పించుకోకు. మన ఊరివాళ్లెవరైనా ‘ఫలానావాళ్లకు ఏమైంది’ అని అడిగితే మాత్రం నోరు విప్పకు, మీ మేనమామ అడిగినా సరే.

ఇంకొకటి. ఐసీడీ-10 మూడో వాల్యూమ్ ఇండెక్స్‌లో దొరికిన కోడ్‌ను మొదటి వాల్యూమ్‌లో సరిచూసుకున్నాకే వెయ్యి. అక్కడ పుస్తకాలు లేకపోతే చెప్పు, నా సెట్టు బస్సులో పంపిస్తా.

మీ నాన్న