మందుల షాపు నుంచి మా అమ్మలుకి

అమ్మలూ,

ఇన్నేళ్లూ ఒక వైరస్ కణంలోకి ఎలా దూరుతుందో చూస్తూ కూర్చున్నాను, దానివల్ల ఎవరికి జ్వరం తగ్గింది నాన్నా అన్నావు నిన్న ఫోన్లో. అప్పుడు షాపులో గిరాకీ ఉండి సరిగ్గా మాట్లాడలేకపోయాను, అందుకే ఇది రాస్తున్నా. పీహెచ్‌డీ అయ్యాక మానేస్తానంటే మానెయ్, మీ మావయ్య చెప్తున్న వైజాగ్ ఉద్యోగమూ మంచిదే. కానీ పనికిరాని పని కాబట్టి మానేస్తున్నానంటే మాత్రం, పర్లాకిమిడిలో ఇంతకాలం మందులమ్మినవాడిగా నేను ఒప్పుకోను.

2020 మార్చి గుర్తు తెచ్చుకో. మలేరియా మందు క్లోరోక్విన్‌కి తమ్ముడులాంటి హైడ్రాక్సీక్లోరోక్విన్‌ని కరోనా రాకుండా ముందుజాగ్రత్తగా వేసుకోవచ్చని ఐసీఎంఆర్, అంటే మన వైద్య పరిశోధన మండలి, వైద్య సిబ్బందికి చెప్పింది, టీవీల్లో అది ఊరందరి మందైపోయింది. మన షాపు ముందు జనమే జనం, చీటీ లేకుండా, దగ్గు కూడా లేకుండా. కీళ్లవాతానికి రోజూ అదే మింగే ముసలివాళ్లకి ఒక్క స్ట్రిప్ దొరక్కుండా పోయింది, నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది అందుకే. మన కొండల్లో మలేరియాకి క్లోరోక్విన్ మింగిన సవరవాళ్లు మాత్రం ఆ హడావిడి చూసి నవ్వుకున్నారు.

ఆ మందు మీద అంత ఆశ ఎందుకు పుట్టిందో తర్వాత నువ్వే చెప్పావు. పచ్చకోతి మూత్రపిండం నుంచి తీసిన వీరో కణాల్లో అది కరోనాని ఆపింది. ఆ కణాల్లోకి వైరస్ ఎండోసోమ్ అనే చిన్న సంచిలో పడి వెళ్తుంది, సంచిలో ఆమ్లం ఉంటేనే అక్కణ్నించి బయటపడుతుంది, క్లోరోక్విన్ ఆ ఆమ్లాన్ని తగ్గించేస్తుంది. అంతవరకూ నిజమే. కానీ మన ఊపిరితిత్తుల కణాల మీద టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 అనే ఎంజైమ్ ఉంటుంది, దాని సాయం దొరికితే వైరస్‌కి సంచితో పనే లేదు, పై పొర దగ్గరే కలిసిపోయి దిగిపోతుంది. పెరటి తలుపుకి తాళం వేసుకుని మనం కాపలా కూర్చుంటే దొంగ వీధి తలుపులోంచి దర్జాగా వచ్చాడు. ఊపిరితిత్తుల కణాల్లో ఈ మందు పనిచేయడం లేదని జర్మనీ వాళ్లు 2020 జులైలో అచ్చువేశారు, ఆసుపత్రిలో చేరినవాళ్లలో చావులు తగ్గడం లేదని బ్రిటన్‌లో రికవరీ అనే పెద్ద మందుల పరీక్ష జూన్‌లోనే తేల్చేసింది. వైరస్ ఏ దారిన లోపలికి వెళ్తుంది అన్న ప్రశ్న ఎవరికీ జ్వరం తగ్గించదంటావు, సరే, కానీ ఆ సంగతి ముందే తెలిసి ఉంటే ఆ ముసలివాళ్ల మాత్రలు వాళ్లకి మిగిలేవి కదా!

అసలు ఆ సంచి సంగతి ఎవరు పట్టుకున్నారు? నువ్వెప్పుడూ చెప్పే ఆరి హెలేనియస్, ఫిన్లాండ్ శాస్త్రవేత్త. కై సైమన్స్‌తో కలిసి సెమ్లికి ఫారెస్ట్ వైరస్ మీద పనిచేశాడు. 1942లో ఉగాండా అడవిలో దొరికిన వైరస్ అది, దానికి మందు కనిపెట్టాలని కాదు వాళ్ల తాపత్రయం, కణం పొర ఎలా ఉంటుందో చూడ్డానికి తేలికైన నమూనా అని తీసుకున్నారు. తీరా 1980కి జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో తేలిందేమిటంటే, ఈ వైరస్ తలుపు బద్దలు కొట్టదు, కణం రోజూ తన తిండి లోపలికి తీసుకునే దారినే వాడుకుంటుంది, లోపల ఆమ్లం తగిలాకే తన పొరని విప్పుతుంది. ఆ తర్వాత ఆయన అమెరికాలో యేల్ యూనివర్సిటీకి, 1997లో జ్యూరిచ్‌కి వెళ్లాడు, ఫ్లూ వైరస్ ప్రోటీన్‌ని అడ్డం పెట్టుకుని, కణం సరిగ్గా మడతపడని ప్రోటీన్లని ఎలా ఆపి ఉంచుతుందో కూడా బయటపెట్టాడు. అన్నిచోట్లా వైరస్‌ని అడిగి కణం సంగతి తెలుసుకోవడమే.

నీ కొత్త ప్రయోగం పాతదాన్ని తిరగేసిందని టెన్షన్ పడుతున్నావు కదా. హెలేనియస్ ల్యాబ్ 2001లో ఎస్‌వీ40 అనే కోతి వైరస్ కణంలో వెళ్లే దారిలో కేవియోసోమ్ అనే కొత్త అర ఒకటి ఉందని చెప్పింది, అందరూ నమ్మారు. కణంలో ఒక ప్రోటీన్‌ని మోతాదు మించి తయారుచేయించడం వల్ల కనబడినదే తప్ప అలాంటి అర వేరే లేదని 2010 ప్రాంతంలో ఆ ల్యాబ్ వాళ్లే రాసి ఒప్పుకున్నారు. ఆయన పేరేమీ చెడలేదు. మీ గైడు మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ, నువ్వు చూసింది చూసినట్టు రాయి.

ఇంకోటి, ఇది మామ్మ అడగమంది. 2006లో చికున్‌గున్యా వచ్చినప్పుడు పట్టేసిన మోకాళ్లు ఆవిడకి ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. సెమ్లికి, చికున్‌గున్యా ఒకే జాతివని, చికున్‌గున్యా కణంలోకి వెళ్లడానికి పట్టుకునే ఎంఎక్స్‌ఆర్‌ఏ8 అనే గ్రాహకం 2018లో దొరికిందని పోయినసారి నువ్వే చెప్పావు. అది కీళ్ల కణాల మీద ఉంటుందా, ఉంటే దానికి అడ్డుపడే మందేదైనా చూస్తున్నారా అని ఆవిడ ప్రశ్న. నాకు తెలిసినంత చెప్పాను, ఆవిడకి చాల్లేదు, గుంటని అడుగు అంది. తీరిగ్గా ఆవిడకే ఫోన్ చేసి చెప్పు, సాయంత్రం ఏడు దాటాక అయితే సీరియల్ అయిపోతుంది.

మావయ్యకి ఏం చెప్పాలో పండక్కి వచ్చాక మాట్లాడుకుందాం, అందాకా ఆయనకి అవుననీ కాదనీ అనకు. టికెట్ పలాసకి తీసుకుంటావో బరంపురానికి తీసుకుంటావో ముందే చెప్తే బండి మాట్లాడి ఉంచుతా.

మీ నాన్న