అతికించడం కాదండీ, అసలు పని ఆ తర్వాతే

సంపాదకుడు గారికి, నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పెద్దవాళ్ల హాబీల మీద వచ్చిన కథనం చదివాను. మిద్దె తోటలు, బోన్సాయ్, పాత రేడియోలు బాగుచేసుకునేవాళ్లు, అందరి గురించీ ఓపిగ్గా రాశారు. స్కేల్ మోడల్ కార్లు, అంటే అసలు కారుని కొలత ప్రకారం చిన్నది చేసి కట్టుకునేవి, వాటి దగ్గరికొచ్చేసరికి మాత్రం నాలుగు ముక్కల్లో తేల్చిపారేశారు. డబ్బాలో వచ్చిన పార్టులు అతికిస్తే కారు రెడీ అట, ఖరీదైన దిగుమతి బొమ్మలట, ఓ సాయంత్రం కాలక్షేపమట. కోపం రాలేదు గానీ ఊరుకోబుద్ధి కూడా కాలేదు, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, కత్తిరించాల్సి వస్తే నా సొంత గోడు కత్తిరించండి, రంగు గురించి రాసింది ఉంచండి.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది టమియా అనే జపాన్ కంపెనీ వాళ్ల 1/24 ఫెరారీ ఎఫ్40, అంటే అసలు కారులో 24వ వంతు. అసలు కారు 1987లో వచ్చింది, ఫెరారీ పేరుతో కార్లు మొదలై నలభై ఏళ్లయిన సందర్భంగా. పెద్దాయన ఎంజో ఫెరారీ మరుసటి ఏడాది ఆగస్టులో పోయారు కాబట్టి, ఆయన బతికుండగా బయటికొచ్చిన ఆఖరి కొత్త ఫెరారీ ఇదేనని దీనికి అంత పేరు. రెండు టర్బోల వీ8 ఇంజను, గంటకి 324 కిలోమీటర్ల వేగం. నిడివి 4,358 మిల్లీమీటర్లు. దాన్ని 24తో భాగిస్తే 18 సెంటీమీటర్లు దాటి కాస్త వస్తుంది. ఆ 18 సెంటీమీటర్లలో ఇంజను, సస్పెన్షను, సీట్లు, డాష్‌బోర్డు అన్నీ ఉంటాయి, అవన్నీ అతికించడం నిజంగానే కష్టం కాదు. టమియా పార్టులు చక్కగా కూర్చుంటాయి, కాగితం మీద బొమ్మలు చూస్తూ పోతే తొమ్మిదో తరగతి కుర్రాడు కూడా నిలబెట్టేస్తాడు. మీ విలేకరి చూసింది అంతవరకే అనుకుంటా.

చిక్కంతా ఎక్కడంటే, ప్లాస్టిక్‌ని 24 రెట్లు చిన్నది చెయ్యొచ్చు, పెయింటుని చెయ్యలేం. రోడ్డు మీద తిరిగే కారుకి రంగు అంతా కలిపి మిల్లీమీటరులో పదో వంతుకి అటూ ఇటూ ఉంటుంది. అంతే మందం నా కారు మీద పడిందనుకోండి, ఆ లెక్కన అది రెండు మిల్లీమీటర్లు దాటిన పూత, ఫెరారీకి గోడ సున్నం కొట్టినట్టు ఉంటుంది. అందుకని ప్రతి కోటూ పలచగా పడాలి, అయినా కింద ప్లాస్టిక్ కనపడకూడదు, పైన అద్దంలా మెరవాలి. ఈ మూడూ ఒకదానికొకటి పడవు. ప్యానెళ్ల మధ్య ఉండే సన్నగీతల్ని ముందే సూదిమొన పనిముట్టుతో కొంచెం లోతు చేసి పెట్టుకోకపోతే ప్రైమరు (రంగు పట్టుకోడానికి ముందు వేసే పూత), రంగు, క్లియరు (చివర్లో మెరుపు కోసం వేసే రంగులేని పూత) మూడూ కలిసి వాటిని పూడ్చేస్తాయి. అచ్చులో రెండు భాగాలు కలిసిన చోట ఫెండర్ల మీదుగా వెంట్రుకంత గీత ఒకటి ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది గానీ కంటికి ఆనదు, రంగు వేసి మెరుగు పెట్టాక మాత్రం ట్యూబ్‌లైట్ కింద స్పష్టంగా వెక్కిరిస్తుంది. అది ముందే పోవాలి.

ఎరుపు ఇంకో తలనొప్పి. ఎరుపుకి కప్పే గుణం తక్కువ, కింద ఏముందో అది పైకి తెలుస్తుంది. బూడిదరంగు ప్రైమరు మీద నేరుగా కొడితే పాత ఇటుక రంగు తేలుతుంది. అదే మధ్యలో ఓ పలచటి తెలుపో గులాబీ రంగో వేసి దాని మీద ఎరుపు కొడితే, ఫోటోల్లో చూసే ఆ ఫెరారీ ఎరుపు వస్తుంది. ఈ కిటుకు ఏ జపాన్ పుస్తకంలోనో ఉందనుకునేరు, మన ఆటోనగర్‌లో పెయింటింగ్ షెడ్డు నడిపే ఏ మనిషిని అడిగినా చెబుతాడు. నాకు చెప్పింది అలాంటి ఒకాయనే. నేను ఉద్యోగరీత్యా పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెబుతాను, ఆయన నన్ను మాస్టారూ అంటాడు, నేనాయన్ని బాబాయ్ అంటాను. లారీ క్యాబిన్ల దగ్గర్నుంచి పెద్ద పెద్ద కార్ల దాకా ఆయన చెయ్యి పడనిది లేదు. నా ఎఫ్40 బాడీని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, "పెద్ద బండికి ఎక్కడన్నా తేడా వస్తే జనం నాలుగడుగుల దూరం నుంచి చూస్తారు మాస్టారూ, దీన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తారు, మీకు దాక్కోడానికి చోటేదీ" అన్నాడు. లప్పం, ప్రైమరు, వాటర్ పేపరు, బేస్ కోటు, క్లియరు, మెరుగు పెట్టే కాంపౌండు, ఆయన షెడ్డులో ఏ వరసో నా బల్ల మీదా అదే వరస. నేను 2000 నంబరు వాటర్ పేపరు కొనేది కూడా ఆయన కొనే షాపులోనే.

వాతావరణం సంగతి కూడా చెప్పాలి, విదేశీ వీడియోల్లో మన బాధ ఎవరూ చెప్పరు. వానాకాలంలో త్వరగా ఆరే లాకర్ పెయింటు కొడితే ఏమవుతుందంటే, థిన్నరు చప్పున ఆవిరై బాడీని చల్లబరుస్తుంది, గాల్లో తేమ ఆ చల్లటి రంగు మీద చేరుతుంది, ఇంకేముంది, నిగనిగలాడాల్సిన చోట పాలపొర లాగా తెల్లటి మసక. ఎండాకాలంలో దీనికి తిరగబడి ఉంటుంది కథ. బెజవాడ మే నెల ఎండకి, గాలితో రంగు చిమ్మే ఎయిర్ బ్రష్ నుంచి బయటపడిన తుంపర బాడీని చేరేలోపే సగం ఆరిపోతుంది, చెయ్యి పెడితే గరగర. నెమ్మదిగా ఆరే థిన్నరు, అదే రిటార్డర్ అంటారు, కలిపితే రెండింటికీ కొంత ఉపశమనం ఉంటుంది గానీ పూర్తి మందు కాదు. నా వరకు క్లియర్ కోటు నవంబరు తర్వాతే. ఇంట్లోవాళ్లు కార్తీకమాసం కోసం ఎదురుచూసే కారణం వేరు, నా కారణం వేరు.

క్లియరు పడ్డాక కూడా పని అయిపోదు, నన్నడిగితే అప్పుడే మొదలవుతుంది. ఎంత బాగా కొట్టినా పైన నారింజ తొక్క లాంటి గరుకు ఉండి తీరుతుంది. దాన్ని నీళ్లతో తడుపుతూ 2000 పేపరుతో, తర్వాత ఇంకా నునుపైన వాటితో రుద్దుతూ పోవాలి. రుద్దుతున్నంతసేపూ బాడీ మెరుపంతా పోయి మబ్బుగా తయారవుతుంది, చూసిన వాళ్లు పాడుచేశావనే అనుకుంటారు. అంచుల దగ్గర టెన్షన్ ఎక్కువ, ఎందుకంటే అక్కడ పూత ఎప్పుడూ పలచగానే ఉంటుంది, ఒక్క రుద్దు ఎక్కువైతే కింద గులాబీ రంగు బయటపడుతుంది. అందుకే అంచుల మీద సన్నటి మాస్కింగ్ టేపు వేసి, మధ్య భాగాలే రుద్దుతాం. తర్వాత ముతక కాంపౌండు, సన్న కాంపౌండు, చివర ఫినిష్ కాంపౌండు. ఆ చివరిది మెత్తటి బట్టతో గుండ్రంగా తిప్పుతుంటే బానెట్ మీద ముందు ఫ్యాను రెక్కలు కనపడతాయి, తర్వాత ఫ్యాను మీద దుమ్ము కూడా కనపడుతుంది. ప్యానెల్ గీతల్లో ఇరుక్కున్న తెల్లటి కాంపౌండుని మెత్తటి టూత్ బ్రష్షుతో కడిగితే గానీ గీతలు స్పష్టంగా కనపడ్డానికి వేసే నల్ల ఇంకులాంటి లైనర్ వాటిలోకి దిగదు. ఇదండీ ఆ "ఓ సాయంత్రం కాలక్షేపం".

ఇక వివరాలు. అసలు ఎఫ్40లో డోరు తెరవడానికి లోపల హ్యాండిల్ ఉండదు, ఒక తాడు ఉంటుంది, లాగితే తెరుచుకుంటుంది. బరువు తగ్గించడానికి కార్పెట్లు కూడా వెయ్యలేదు, కేబిన్‌లో ప్యానెళ్లు అతికిన చోట పూసిన ఆకుపచ్చ గమ్ము అలాగే బయటికి కనపడుతుంది, దాన్ని దాచిపెట్టాలని ఎవరూ అనుకోలేదు. అన్ని కోట్ల కారులో! చిన్న బ్రష్షు కొసతో ఆ ఆకుపచ్చ గీత దిద్ది, డోరు లోపల నల్ల దారం ముక్క అతికిస్తే, ఈ కారు తెలిసిన వాడు కిటికీలోంచి చూసి నవ్వుతాడు, తెలియనివాడికి అసలు కనపడదు. వెనక మధ్యలో మూడు సైలెన్సర్ గొట్టాలుంటాయి కదా, వాటిలో నడిమిది టర్బోలో ఒత్తిడి ఎక్కువైనప్పుడు తప్పించే వేస్ట్‌గేట్ గొట్టం, అందుకని మూడింటికీ ఒకేలా మసి పూయడం నాకు నచ్చదు. ఇంకో గొడవ ఉంది మోడలర్ల మధ్య. అసలు కారుకి రంగు ఎంత పలచగా కొట్టారంటే వెలుగు పడే తీరునిబట్టి కింద కార్బన్ ఫైబర్ అల్లిక కనపడుతుంది. కొందరు అది చూపించడానికి బాడీ మొత్తానికీ ఆ అల్లిక అచ్చేసిన డెకాల్, అంటే పలచటి స్టిక్కరు, వేసి పైన రంగు కొడతారు. నా ఉద్దేశంలో అది అతి. 24 రెట్లు తగ్గించాక ఆ అల్లిక కంటికి అందకూడదు, అందిందంటే కొలత తప్పినట్టే. ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉన్నారు, ఉండనివ్వండి.

బొమ్మ అన్నారు కాబట్టి ఈ కిట్లు చేసేవాళ్ల సంగతి కూడా కొంచెం. టమియా 1946లో జపాన్‌లోని షిజువోకా ఊళ్లో కలప వ్యాపారంగా మొదలైంది. తర్వాత చెక్క మోడళ్లు, 1960 నుంచి ప్లాస్టిక్. 1976లో 1/12 కొలతలో పోర్షే 934 కిట్ తెచ్చినప్పుడు, ఫోటోలు కొలతలు చాలక ఏకంగా ఒక పోర్షే 911 కొని విడదీసి చూసుకున్నారు. ఒక డబ్బా కోసం కారు విప్పిన మనుషులు వాళ్లు. ఇది చదివినప్పుడల్లా నాకు మన కొండపల్లి గుర్తొస్తుంది, పోలిక కోసం కాదు, పని ఒకటే కాబట్టి. తెల్ల పొణికి చెక్కతో విడివిడిగా చెక్కిన భాగాల్ని, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికించి, సందులు పూడ్చి, సున్నం పూత వేసి, ఆరాక రంగులు దిద్దుతారు. అతుకు, లప్పం, ప్రైమరు, రంగు. ఆటోనగర్ బాబాయ్‌కి చెబితే, మనకీ వాళ్లకీ తేడా కంప్రెసరొక్కటే అన్నాడు. కొండపల్లికి ఇక్కణ్నుంచి బస్సులో గంట ప్రయాణం కూడా ఉండదు, మా పాలిటెక్నిక్ పిల్లల్లో ఆ పని దగ్గర్నుంచి చూసినవాళ్లు మాత్రం అరుదు. కంప్యూటర్లో గేర్‌బాక్సు గీయమంటే గీసిపెడతారు, రెండు ముక్కలు సందు లేకుండా కలపమంటే బిక్కమొహం వేస్తారు.

అసలు ఫిర్యాదుకొస్తాను. మీ కథనం "బొమ్మ" అంటే నొచ్చుకుని ఊరుకునేవాణ్ని, కానీ సుంకాల పట్టికా అదే మాట అంటోంది. స్కేల్ మోడళ్లు కస్టమ్స్ వర్గీకరణలో బొమ్మలతో పాటు 9503 అనే పద్దు కిందే ఉన్నాయి. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023 బడ్జెట్‌లో 70కి పెంచారు. దాని పైన జీఎస్టీ, కొరియరు. ఉద్దేశం మంచిదే, నాసిరకం బొమ్మలు గుట్టలుగా వచ్చిపడకుండా, మన కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక వాళ్లు బతకాలని, దానికి నేను అడ్డం కాదు. కానీ నేను కొనే ఎఫ్40 కిట్టు వల్ల ఏటికొప్పాకలో ఎవరి లక్కబొమ్మ అమ్ముడుపోకుండా ఆగింది చెప్పండి? ఇంకో తమాషా, 2021 జనవరి నుంచి అమల్లోకొచ్చిన బొమ్మల నాణ్యత ఉత్తర్వు 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే వాటికి వర్తిస్తుంది, ఇలాంటి కిట్ల డబ్బాల మీద 14 ఏళ్లు పైబడినవారికి అని రాసుంటుంది. అంటే అదే డబ్బా ఒక ఉత్తర్వు ప్రకారం పిల్లల బొమ్మ కాదు, ఇంకో పట్టిక ప్రకారం ముమ్మాటికీ బొమ్మే.

నేనడిగేది సుంకం ఎత్తెయ్యమని కాదు. కట్టుకునే కిట్లకి, 14 ఏళ్ల పైవాళ్లకని స్పష్టంగా అమ్మే వాటికి, ఆ పద్దులోనే విడిగా ఒక లైను పెట్టి రేటు తగ్గించమని. పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు వర్క్‌షాపు కోసం కొనుక్కునే కిట్ల వరకైనా ఆ వెసులుబాటు ఇవ్వొచ్చు. బడ్జెట్ ముందు మన ఎంపీల్లో ఎవరో ఒకరు ఈ ముక్క ఆర్థికశాఖకి రాస్తే చాలు, మీ పేపర్లో వస్తే వాళ్ల కంటపడుతుందని ఆశ.

ఇది చదివి ఎవరికన్నా చెయ్యి దురద పెడితే ఒక్క మాట, ఎఫ్40తో మొదలుపెట్టకండి. ఇంజను లేకుండా పైకి బాడీ మాత్రమే ఉండే చిన్న కిట్టు, స్ప్రే డబ్బా రంగు, కిటికీ తీసి ఉన్న గది, ఇవి చాలు. పారదర్శకంగా ఉండే పార్టుల దగ్గర ఫెవిక్విక్ లాంటి గమ్ము వాడొద్దు, ఆవిరికే తెల్లబడిపోతాయి. హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపి వాడే టూకే (2K) క్లియరు జోలికి మాత్రం ఆవిర్లని వడకట్టే కార్ట్రిడ్జి మాస్కు లేకుండా వెళ్లొద్దు, కర్చీఫ్ కట్టుకుంటే సరిపోదు, అది ఊపిరితిత్తుల వ్యవహారం. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ పని ఇంట్లో అసలే వద్దు.

మీ విలేకరి వచ్చి చూస్తానంటే నాకు సంతోషమే. డిసెంబరులో ఏ ఆదివారమైనా పంపండి, అప్పటికి గాలిలో తేమ తగ్గి ఉంటుంది, క్లియరు ఆయన చేతే కొట్టిస్తాను. మాస్కు నా దగ్గర ఇంకోటి ఉంది.

ఇట్లు,
ఒక పాలిటెక్నిక్ లెక్చరర్,
విజయవాడ